రీలు కెమెరాలో మిగిలిన మనవాళ్లు
(చాగలమర్రిలో జరిగిన ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

సంస్కృతి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. తీజ్ పండుగ గురించి, మన పాటల గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను ఒక వస్తువు గురించి మాట్లాడతాను. అరచేతిలో ఇమిడే రీలు కెమెరా. బటన్ నొక్కితే గుర్రుమని ముక్కు ముందుకు చాచే జూమ్ కెమెరా. మీలో కొందరు ఇప్పుడు ఆన్‌లైన్‌లో పాతవి వెతికి కొంటున్నారని నాకు తెలుసు. ఆ రంగులు ఫోన్లో రావంట. కొనుక్కోండి, కాదనను. కానీ అదే కెమెరా ముప్పై ఏళ్ల కిందట మన ఇళ్లలో తీసిన బొమ్మలు ఇవాళ ఎక్కడున్నాయో కూడా ఒకసారి అడగండి.

మనల్ని ఫొటో తీయడం ఎప్పటినుంచో ఉంది. తీసినవాళ్లు వేరేవాళ్లు, అంతే. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. అందులో ఫొటోలున్నాయి, ముక్కుల కొలతలున్నాయి. చాలా ఫొటోల కింద తెగ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. తర్వాత 1940లో హైమెండార్ఫ్ వచ్చాడు. కృష్ణకు అవతల, నిజాం వైపు నల్లమలలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం తెచ్చాడు. మంచి పుస్తకమే. మనుషులతో కలిసి బతికి రాసినాయన. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో సోయాస్ అనే విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. వాళ్ల ముత్తాత ముఖం చూడాలనుకునే చెంచు పిల్లవాడికి మాత్రం లండన్ దూరమే కదా.

మన చేతికి కెమెరా ఎప్పుడొచ్చింది? పాత కెమెరాల్లో దూరం కొలవాలి, వెలుతురు లెక్కకట్టాలి. అది స్టూడియో ఆయన పని. 1977లో కోనికా కంపెనీ తనంతట తానే ఫోకస్ చేసుకునే చిన్న కెమెరాను మార్కెట్లోకి తెచ్చింది. 1986లో పెంటాక్స్ 'జూమ్ 70' అని, 35 నుంచి 70 మిల్లీమీటర్ల జూమ్‌ను చిన్న కెమెరాలోనే బిగించింది. ఆ వెనుకే ఒలింపస్, కెనాన్, యాషికా, శామ్‌సంగ్ అందరూ చేశారు. మన ప్రాంతానికి అవి ఎలా వచ్చాయంటారు? చాలావరకు కువైట్ దారిలో. కడప జిల్లా నుంచి, మన ఈ చుట్టుపక్కల నుంచి పనికి పోయినవాళ్లు సెలవుకొచ్చేటప్పుడు సూట్‌కేసులో దుప్పటి, సెంటు సీసా, టేపు రికార్డరు, దాంతోపాటు ఒక కెమెరా. తాండాకు ఒకటి ఉంటే గొప్ప. అది ఏ ఇంటిదైనా పెళ్లి ఎవరింట్లో జరిగితే ఆ ఇంటికి పోయేది.

అక్షరం రానివాళ్లు కూడా దాంతో ఫొటో తీశారు. ఎందుకంటే లెక్కలన్నీ అదే వేసుకునేది. రీలు డబ్బా మీద వెండి రంగు, నలుపు గళ్లు ఉంటాయి చూడండి, అది అలంకారం కాదు. ఫిల్ము ఎంత వేగానిదో కెమెరాకు చెప్పే గుర్తు. లోపలున్న చిన్న మోటారు రీలును ముందుకు లాగుతుంది, 36 అయిపోగానే వెనక్కి చుట్టేస్తుంది. చీకటైతే ఫ్లాష్ తనే కొడుతుంది. మనిషి చేయాల్సింది ఎవరిని తీయాలో తేల్చుకోవడం ఒక్కటే. రీలు, కడగడం, కాపీలు అన్నీ డబ్బుతో పని కాబట్టి ఆ తేల్చుకోవడం కూడా ఆలోచించి జరిగేది. రీలులో నాలుగు మిగిలాయంటే వచ్చే పండుగ దాకా కెమెరా బీరువాలోనే. అందుకే ఒకే నెగటివ్ వరుసలో ఉగాది, పెళ్లి, కొత్త ఎద్దులు, చివర్లో బిడ్డ పుట్టువెంట్రుకలు కనిపిస్తాయి. ఒక ఇంటి ఏడాది మొత్తం 36 గళ్లలో ఉంటుంది.

ఆ కెమెరాకు లోపాలూ ఉన్నాయి. జూమ్ పూర్తిగా లాగితే లెన్సులోకి వెలుతురు తక్కువ వస్తుంది, సాయంత్రం పూట చెయ్యి కొంచెం కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది. ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటి పనిచేయదు. మన యాడిల పేట్యా, కాంచళి మీద అద్దాలు కదా, ఎదురుగా ఫ్లాష్ కొడితే ప్రతి అద్దం తెల్లటి చుక్కై మెరిసేది. ఆ చుక్కల వెనకాల ముఖం వెతుక్కోవాలి. కానీ కాస్త పక్కకు నిలబడి, జూమ్ మధ్యలో ఉంచి, పగటి వెలుతురులో తీసినవి చూశాను. అంత సహజమైన ముఖాలు నాకు స్టూడియో ఫొటోల్లో కనబడలేదు. తీసింది తమ్ముడో మరిదో కాబట్టి బిగుసుకుపోలేదు, నవ్వుతూ తిడుతున్నారు.

అహోబిలం పారువేట ఫొటోలు కూడా కొన్ని చూశాను. సంక్రాంతి తర్వాత స్వామి నలభై రోజులకు పైగా ఊరూరా తిరుగుతాడు. చెంచులకు ఆయన ఇంటి అల్లుడు, చెంచులక్ష్మి మొగుడు. పత్రికల ఫొటోల్లో పల్లకి మధ్యలో ఉంటుంది, చెంచులు అంచున ఉంటారు. మనవాళ్లు తీసినదాంట్లో పల్లకి వెనకెక్కడో మసకగా ఉంది, ముందు విల్లు పట్టుకున్న మేనమామ నిండుగా ఉన్నాడు. తీసినవాడికి ముఖ్యమైంది మేనమామే మరి.

ఇప్పుడు నన్ను ఈ పనిలోకి దించిన సంగతి చెప్తాను. మా హాస్టల్లో ఒక అమ్మాయి ఉంది, పేరు చెప్పను. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆ తల్లి ముఖం ఆ పిల్లకు తెలిసింది రేషన్ కార్డు మీద, అగ్గిపెట్టంత, నల్లగా. కిందటేడు సెలవుల్లో వాళ్ల బంధువుల ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున నెగటివ్‌లు దొరికాయి. వాటిని వెలుతురుకు పెట్టి చూస్తే ఎవరిదో పెళ్లి. పెళ్లికూతురు వెనక, గుంపులో, పదిహేనేళ్ల పిల్ల చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమేనని మేనత్త పోల్చింది. ఆ పిల్ల ఆ రోజు ఏడవలేదు. "నా పళ్లు అమ్మవే" అంది. మేనత్త కూడా లేకపోయుంటే ఆ నవ్వేది ఎవరో చెప్పే దిక్కు లేదు. నాకు ఆందోళన అదే. ఫిల్ము ఇంకొన్నేళ్లు ఉండొచ్చు, పోల్చేవాళ్లు ఉండరు.

ఆ నెగటివ్‌లు మనిళ్లలో ఎలా ఉన్నాయో నేను చూశాను. బియ్యం డబ్బా పైన, రేకుల కప్పు కింద, ఎండకు కాగి, వానకు నెమ్మెక్కి. కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అతుక్కున్నవి లాగొద్దు, బొమ్మ ఊడొస్తుంది. అలాగే పక్కన పెట్టండి, తెలిసినవాళ్లకు చూపిద్దాం. పెట్టె తెరవగానే వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తే ఫిల్ము పాడవుతోందని అర్థం, దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, ముందు దాన్నే కాపీ చేయండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉన్న ఫొటోలను పీకకండి, పైనున్న ప్లాస్టిక్ పొర ఎత్తి అక్కడే ఫోన్‌తో తీయండి.

నెగటివ్ కాపీకి పెద్ద యంత్రం అక్కర్లేదు. ఒక ఫోన్లో తెల్లటి తెర పెట్టండి. దానిమీద నెగటివ్ ఆనించకుండా ఒక అంగుళం ఎత్తులో ఉంచండి, లేకపోతే తెర చుక్కలు కూడా పడతాయి. అంచులు మాత్రమే పట్టుకోండి. రెండో ఫోన్‌తో దగ్గరగా తీసి, రంగులు తిరగేస్తే బొమ్మ వస్తుంది. వరుసను ముక్కలు చేయకండి. గళ్ల కింద ఉన్న నంబర్లను బట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది తెలుస్తుంది. మూలన ఎర్రగా పడ్డ తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మార్చినప్పుడల్లా అది మొదటికి పోయేది, సరిచేసే ఓపిక ఎవరికుంది?

ఇంకో మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2005 డిసెంబర్ 13కు ముందునుంచి ఆ భూమి మన స్వాధీనంలో ఉందని చూపాలి. పెద్దల వాంగ్మూలం కూడా అక్కడ ఒక సాక్ష్యం. రీలు కెమెరా ఫొటోలు చాలావరకు ఆ తేదీకి ముందువే. ఫొటో చూపిస్తే పట్టా వస్తుందని నేను చెప్పడం లేదు. కానీ జొన్నచేలో నిలబడ్డ తాత వెనక ఏ చింతచెట్టు ఉందో, గుడిసె ఏ వైపుందో చూస్తే, వాంగ్మూలం ఇచ్చే పెద్దాయనకు పది సంగతులు గుర్తొస్తాయి. ఆ పెళ్లి ఫొటోలను మీరు ముఖాల కోసం చూస్తారు, నేను వెనకున్న చేలను కూడా చూడమంటాను.

పాత కెమెరా కొన్నవాళ్లు రీలు వేసి తీయండి. 2024లో పెంటాక్స్ మళ్లీ కొత్త రీలు కెమెరా తెచ్చింది కూడా, జూమ్ లేదు దానికి. జూమ్ ఉన్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. అవ్వ గడప మీద కూర్చుని తల దువ్వుకుంటుంటే వీధి అవతలి నుంచి లాగి తీయొద్దు. మనల్ని అలా తీసినవాళ్లు చాలామంది. దగ్గరకెళ్లి, "తీయనా అవ్వా" అని అడగండి. వద్దంటే ఊరుకోండి. సరేనంటే పేరు, ఇంటిపేరు, ఏ తాండానో, ఏ గూడెమో అక్కడే రాసుకోండి.

మరి పని ఎప్పుడు మొదలుపెడదాం? వచ్చే ఆదివారం పొద్దున పదింటికి సంఘం కార్యాలయంలో కూర్చుందాం. ట్రంకులో ఉన్నది ఉన్నట్టు, దులపకుండా తెండి. తడి గుడ్డతో తుడవద్దు. పోల్చి చెప్పే అవ్వనో తాతనో వెంటబెట్టుకుని రండి. వాళ్ల ఆటో ఖర్చు సంఘమే పెట్టుకుంటుందని కార్యదర్శిగారు ఇందాకే తల ఊపారు, మీరంతా చూశారుగా.