సంజీవయ్య ఎక్కిన మెట్లు రంగత్‌లో ఎక్కడున్నాయి?

(రంగత్‌లో తెలుగువారి సమావేశంలో ఒక పరిశోధక విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నా పీహెచ్‌డీ దళిత శాసనసభ్యుల రాజకీయ ప్రస్థానం మీద. ఒక ఎమ్మెల్యే పెద్ద పదవి దాకా ఎలా వెళ్తాడు, ఎక్కడ ఆగిపోతాడు, ఎవరు ఆపుతారు అన్నదే నా పరిశోధన. ఈ విషయం రంగత్‌లో మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ఇక్కడ ఎమ్మెల్యే అనే పదవే లేదు. కాబట్టి ముందు మనందరికీ తెలిసిన దామోదరం సంజీవయ్య గారి దారి చూద్దాం. ఆ తర్వాత ఆ దారి ఈ ఊరి నుంచి మొదలైతే ఎంతవరకు సాగుతుందో చూద్దాం.

సంజీవయ్య 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెదపాడులో, పేద మాల కుటుంబంలో పుట్టారు. పసివయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. కర్నూలులో, అనంతపురంలో చదివి, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తి చేశారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికై రాజాజీ మంత్రివర్గంలో చేరారు. ఆంధ్ర రాష్ట్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ మంత్రిగా పనిచేశారు. 1960 జనవరి 11న ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు నిండలేదు. దేశంలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు ఆయన. వృద్ధాప్య పింఛను, 1961లో అవినీతి నిరోధక శాఖ ఆయన హయాంలోనే వచ్చాయి.

ఆ కుర్చీ ఆయనకు దక్కింది 26 నెలలు మాత్రమే. నీలం సంజీవరెడ్డి కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లినప్పుడు అది ఖాళీ అయింది. 1962 ఎన్నికల తర్వాత సంజీవరెడ్డి తిరిగొచ్చి దాన్ని తీసుకున్నారు, సంజీవయ్య కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఢిల్లీ వెళ్లారు. ఇద్దరూ కుర్చీలు మార్చుకున్నట్టు కనిపిస్తుంది. కానీ ఒకరు తమ ఇంటికి తిరిగొచ్చినట్టు వచ్చారు, ఇంకొకరు అద్దె ఇల్లు ఖాళీ చేసినట్టు వెళ్లారు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో గానీ, తెలంగాణలో గానీ ఇంకో దళిత ముఖ్యమంత్రి రాలేదు. ఆ పరిమితిని దాచకుండా చెప్పుకోవాలి. 1932 పూనా ఒప్పందం తర్వాత రిజర్వుడు సీటులో గెలవాలన్నా అందరి ఓట్లూ కావాలి, పెద్ద పార్టీ టికెట్ కావాలి. ఆ టికెట్ ఇచ్చే చెయ్యి మనది కాదు.

అయినా ఆయన ఎక్కిన మెట్లు లెక్కపెట్టండి. రాజ్యాంగంలోని 341వ అధికరణ కింద ఆయన కులం షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉంది. 332వ అధికరణ కింద అసెంబ్లీలో రిజర్వుడు సీట్లు ఉన్నాయి. ఆ సీట్లు ఉండటానికి ఒక అసెంబ్లీ ఉంది. ఆ అసెంబ్లీ సభ్యులు ఓటేస్తే రాజ్యసభకు దారి ఉంది. ఆయన 1964లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు, రాజ్యసభ సభ్యుడిగా పనిచేశారు. 1965 బోనస్ చట్టం ఆయన మంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. ప్రతిభ ఆయనది. మెట్లు మాత్రం బాబాసాహెబ్ తరం కొట్లాడి కట్టినవి.

ఇప్పుడు ఇక్కడికి వద్దాం. అండమాన్ నికోబార్ దీవులకు అసెంబ్లీ లేదు. కేంద్ర హోంశాఖ కింద లెఫ్టినెంట్ గవర్నర్ పాలిస్తారు. 1967 దాకా ఎంపీని కూడా రాష్ట్రపతే నామినేట్ చేసేవారు. రాజ్యసభలో సీటు లేదు. రాష్ట్రపతి ఎన్నికలో ఈ దీవుల తరఫున పడేది లోక్‌సభ ఎంపీ ఓటు ఒక్కటే. అన్నిటికీ మించి, ఇక్కడ షెడ్యూల్డ్ కులాల జాబితాయే లేదు. 2011 జనగణనలో జనాభా 3,80,581. అందులో ఎస్సీలు సున్నా.

ఆ సున్నా అర్థం ఇక్కడ దళితులు లేరని కాదు, లెక్కలో లేరని. శ్రీకాకుళం నుంచి, విశాఖ నుంచి పొట్ట చేత పట్టుకుని ఓడెక్కిన మాల, మాదిగ కుటుంబాలు పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే కులం పోగొట్టుకోలేదు. పోయింది కులానికి దక్కాల్సిన హక్కు. జాబితా రాష్ట్రానికో రకంగా ఉంటుంది. ఒక రాష్ట్రం హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయనా తెలుగువాడే. పంచాయతీల్లో ఎస్సీ సీట్లు కూడా జనాభా లెక్కను బట్టే. లెక్క సున్నా అయితే సీటూ సున్నాయే. గ్రామ పంచాయతీ ప్రధాన్ దగ్గరే మొదటి మెట్టు విరిగిపోయింది.

ఈ బాధ మనొక్కరిదే కాదు. రంగత్ చుట్టూ ఉన్న బెంగాలీ సెటిలర్లలో చాలామంది తూర్పు బెంగాల్ నామశూద్రుల బిడ్డలు. పశ్చిమ బెంగాల్లో నామశూద్రులు ఎస్సీలు, ఇక్కడ కారు. వాళ్ల నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ 1937లో బాకర్‌గంజ్ జనరల్ సీటులో గెలిచిన శాసనసభ్యుడు. 1946లో బొంబాయి దారి మూసుకుపోయినప్పుడు బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగసభకు పంపడానికి నిలబడింది ఆయనే, ఆయన వెంట ఉన్న ఎమ్మెల్యేలే. రాజ్యాంగసభకు దారి ఎమ్మెల్యేల ఓటు గుండానే వెళ్లింది. మండల్ పాకిస్తాన్ తొలి న్యాయమంత్రి అయ్యారు, 1950లో రాజీనామా చేసి భారతదేశానికి వచ్చారు. ఆ తర్వాత పోటీ చేసిన ఏ ఎన్నికలోనూ గెలవలేదు. ఆయన జనం శిబిరాలకు, దండకారణ్యానికి, ఈ దీవులకు చెదిరిపోయారు. జనం చెదిరితే నాయకుడికి మెట్టు ఉండదు.

జనాభా తక్కువ కాబట్టి అసెంబ్లీ కుదరదు అంటారు. యానాం చూడండి. 2011లో అక్కడ జనం 55,626. పుదుచ్చేరి అసెంబ్లీలో వాళ్లకో ఎమ్మెల్యే ఉన్నారు. అదే జనగణన ప్రకారం అండమాన్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం. అంటే దాదాపు యానాం అంత జనం.

అసెంబ్లీ అడిగేటప్పుడు ఒక మాట మరవకూడదు. ఈ నేల మొదట జారవాలది, ఓంగేలది, గ్రేట్ అండమానీలది, నికోబారీలది. వాళ్ల భూమికి, వాళ్ల సీట్లకు రక్షణ లేని అసెంబ్లీ మనలాంటి వలసొచ్చినవాళ్ల పెత్తనమే అవుతుంది. అంబేద్కర్ పేరు చెప్పుకునేవాళ్లం దాన్ని ఒప్పుకోలేం.

కాబట్టి నేను అడిగేది మూడు. షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఈ దీవులను చేర్చాలని తెలుగువాళ్లు, నామశూద్రులు కలిసి అడగాలి. ఆదివాసుల రక్షణలు ముందు రాసుకుని, ఆ తర్వాతే అసెంబ్లీ కోసం కొట్లాడాలి. ఈ రెండూ వచ్చేదాకా ఇక్కడి విద్యార్థులు ఇంటింటికీ తిరిగి ఎవరు, ఏ ఊరి నుంచి, ఎప్పుడు వచ్చారో, అక్కడ వాళ్లు ఏ జాబితాలో ఉన్నారో రాసిపెట్టాలి. ప్రభుత్వ లెక్కలో మనం సున్నా. ఆ సున్నాను చెరపాలంటే ముందు మన లెక్క మన చేతిలో ఉండాలి.

జై భీమ్.