రాబిట్‌ఎంక్యూలో 403 వస్తే అన్ని పర్మిషన్లూ ఇచ్చేయకండి

ఈ రోజు ఎపిసోడ్‌లో రాబిట్‌ఎంక్యూ పర్మిషన్ ఎర్రర్ల గురించి చూద్దాం. మీ ల్యాప్‌టాప్‌లో యాప్ బ్రహ్మాండంగా నడుస్తుంది, సర్వర్‌లో పెట్టగానే 403, యాక్సెస్ రిఫ్యూజ్డ్ అంటుంది. అప్పుడు చాలామంది అడ్మినిస్ట్రేటర్ ట్యాగ్ తగిలించి, మూడు చోట్లా డాట్ స్టార్ పెట్టేసి, హమ్మయ్య అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. ఎందుకో చెప్తాను.

ముందు ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవండి. యాప్ దాటాల్సిన తలుపులు మూడు ఉంటాయి.

మొదటిది లాగిన్. 'లాగిన్ వాజ్ రిఫ్యూజ్డ్' అని ఉంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూడండి. గెస్ట్ యూజర్ వాడుతున్నారా? 2014లో వచ్చిన 3.3.0 వెర్షన్ నుంచి, డీఫాల్ట్‌గా గెస్ట్ లోకల్‌హోస్ట్ నుంచి మాత్రమే కనెక్ట్ అవుతాడు. బ్రోకర్ వేరే మెషిన్‌లో ఉంటే రానివ్వదు. యాప్ కోసం కొత్త యూజర్‌ని క్రియేట్ చేయండి.

రెండోది వర్చువల్ హోస్ట్. ఇక్కడ ఆగిపోతే 530, నాట్ అలౌడ్ వస్తుంది. యూజర్ ఉన్నాడు, కానీ ఆ వర్చువల్ హోస్ట్‌లో అతనికి పర్మిషన్ లేదు. అడ్మినిస్ట్రేటర్ ట్యాగ్ ఇచ్చినా ఇది పోదు. ఆ ట్యాగ్ మేనేజ్‌మెంట్ పేజీ కోసం, మెసేజ్‌ల కోసం కాదు.

మూడోది క్యూలు, ఎక్స్ఛేంజ్‌లు. ఇక్కడ మూడు పర్మిషన్లు ఉంటాయి: కాన్ఫిగర్, రైట్, రీడ్. క్యూ క్రియేట్ చేయాలన్నా, డిలీట్ చేయాలన్నా కాన్ఫిగర్ కావాలి. మెసేజ్ పంపాలంటే ఎక్స్ఛేంజ్ మీద రైట్, తీసుకోవాలంటే క్యూ మీద రీడ్ ఉండాలి.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. డీఫాల్ట్ ఎక్స్ఛేంజ్ ద్వారా నేరుగా 'ఆర్డర్స్' క్యూకి పంపుతున్నారనుకోండి. క్యూ పేరు మీద రైట్ ఇచ్చినా 403 వస్తుంది. ఎందుకంటే రైట్‌ని చెక్ చేసేది ఎక్స్ఛేంజ్ మీద. మెసేజ్‌లో 'ఏఎంక్యూ డాట్ డీఫాల్ట్' అని కనిపిస్తే అర్థం అదే.

ఇంకోటి, ఈ పర్మిషన్లన్నీ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు. ఉత్తగా 'ఆర్డర్స్' అని రాస్తే 'ఓల్డ్‌ఆర్డర్స్' కూడా మ్యాచ్ అవుతుంది. అందుకే ముందు క్యారెట్, చివర డాలర్ పెట్టండి. లిస్ట్ పర్మిషన్స్ కమాండ్ కొట్టి, ప్రస్తుతం ఏమున్నాయో చూసుకోండి. మార్చాక యాప్‌ని మళ్లీ కనెక్ట్ చేయండి. పాత కనెక్షన్‌కి కొత్త పర్మిషన్ వెంటనే తెలియకపోవచ్చు.

ఇప్పుడు డాట్ స్టార్ సంగతి. ఆర్డర్లు పంపే సర్వీస్‌కి మూడూ ఇచ్చేశారు. రేపు ఆ పాస్‌వర్డ్ ఎక్కడో లీకైతే? ఆ ఒక్క లాగిన్‌తో పేమెంట్స్ క్యూలో మెసేజ్‌లు చదవొచ్చు, క్యూనే డిలీట్ చేసేయొచ్చు. అదే రైట్ మాత్రమే ఇచ్చి ఉంటే, నష్టం అక్కడికే ఆగుతుంది.

అందుకే 403 కనిపించగానే విసుక్కోకండి. ఏ యూజర్, ఏ వర్చువల్ హోస్ట్, ఏ క్యూ లేదా ఎక్స్ఛేంజ్ అన్నది ఆ లైన్‌లోనే రాసి ఉంటుంది. అడిగిన చోట, అడిగినంతే ఇవ్వండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై.