కొండ కదలలేదు, జనము కదిలినది

(శతవార్షికోత్సవ కూడికలలో చేసిన ప్రసంగ పాఠము)



"చరిత్రలో దండయాత్రలు, సామ్రాజ్యములు, కొండ దేశముల ప్రజలు" అను అంశమును మాకు అప్పగించిరి. అంశము సముద్రమంత; ఇచ్చిన సమయము అరగంట. లోకములోని దండయాత్రలన్నిటిని ఏకరువు పెట్టిన యెడల మీరు నిద్రపోవుదురు, మేమును నిద్రపోవుదుము. కనుక ఒక్క కొండ దేశమునే తీసికొందుము. అది ఆర్మీనియా. దానినే ఎన్నుకొనుటకు కారణము మేము చేసిన తప్పు ఒకటి.

కొన్ని మాసముల క్రిందట బైబిలు తరగతిలో ఆదికాండము ఎనిమిదవ అధ్యాయము చదువుచుండగా, ఓడ నిలిచిన అరారాతు కొండలు ఇప్పుడు ఏ దేశములో ఉన్నవని ఒక పిల్లవాడు అడిగెను. "ఆర్మీనియాలో" అని తడుముకొనకుండ చెప్పితిమి. బడిలో భూగోళము బోధించి విశ్రాంతి తీసికొనుచున్న పెద్ద ఒకరు కూడిక ముగిసిన పిమ్మట మమ్మును ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఏమీ అనుకొనకండి, అరారాతు శిఖరము టర్కీలో ఉన్నది" అని తమ అట్లాసు తెరచి చూపిరి. అంతటితో ఊరుకొనక, "అయినను ఆర్మీనియా రాజ్యచిహ్నము మీద ఆ కొండ బొమ్మయే ఉన్నది. తమ సరిహద్దులో లేని కొండను వారు ఎందుకు పెట్టుకొనిరి? కొండ కదిలినదా?" అని అడిగిరి. మా వద్ద జవాబు లేదు. ఆ జవాబు వెదకుచు చదివిన సంగతులే ఈ సాయంకాలము మీ యెదుట పెట్టుచున్నాము.

మొదట ఆ నేలను గూర్చి రెండు మాటలు. అది నల్ల సముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమనుండి దక్షిణముగా వ్యాపించిన ఎత్తయిన పీఠభూమి. ఏదెను వనమును గూర్చి చదువునప్పుడు మనకు తగులు యూఫ్రటీసు, హిద్దెకెలు నదులు పుట్టునది అక్కడనే. కొండలలో నివసించువారికి కొండలే కోటగోడలని మనము అనుకొందుము. ఇది సగము మాత్రమే నిజము. అక్కడి కొండ వరుసలు ఎక్కువగా తూర్పు పడమరలుగా సాగును. కనుక పడమటినుండి తూర్పునకు పోవు సేనకు గాని, తూర్పునుండి పడమటికి వచ్చు సేనకు గాని ఆ లోయలే రాచబాటలైనవి. అదే సమయమున ఒక్కొక్క లోయలో ఒక్కొక్క ప్రభువంశము వేరుగా బ్రదికినది. వారందరు ఏకమగుట కష్టము. వారిని అందరిని ఒక్కసారిగా లోబరచుకొనుటయు కష్టము. ఈ రెండు కష్టముల నడుమనే ఆ దేశ చరిత్ర అంతయు నడచినది.

పరిశుద్ధ గ్రంథములోని అరారాతు అను పేరును, అష్షూరు రాజుల శాసనములలోని ఉరర్తు అను పేరును ఒక్కటే. వాన్ సరస్సు ఒడ్డున ముఖ్యపట్టణము గల బలమైన రాజ్యము అది. క్రీ.పూ. 714లో అష్షూరు రాజు సర్గోను దానిమీదికి దండెత్తెను. ఆ యాత్రను వర్ణించుచు అతడు తన దేవునికి ఉత్తరము వలె వ్రాయించిన మట్టిపలక పారిస్ నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలలో నేటికిని ఉన్నది. బండలను పగులగొట్టి దారి చేయుటకు సైనికుల చేతికి గునపముల వంటి పనిముట్లు ఇచ్చిన సంగతియు, ముసాసిరు పట్టణపు గుడిని దోచుకొన్న సంగతియు అందులో వివరముగా ఉన్నవి. సన్హెరీబును చంపిన అతని కుమారులు అరారాతు దేశమునకు పారిపోయిరని రెండవ రాజులు పందొమ్మిదవ అధ్యాయములో చదువుదుము గదా. తండ్రిని చంపినవారు తమ శత్రువుల కొండలలో దాగుకొనిరన్న మాట.

ఈ సర్గోను మనకు క్రొత్తవాడు కాడు. షోమ్రోను పట్టణమునుండి 27,290 మందిని చెరగొనిపోయితినని తన శాసనములో చెప్పుకొన్నవాడు ఇతడే. రెండవ రాజులు పదునేడవ అధ్యాయములో వారిని హాలాహులోను, గోజాను నదియైన హాబోరు దగ్గరను, మాదీయుల పట్టణములలోను ఉంచిరని ఉన్నది. తరువాత బబులోను, కూతా, అవ్వా, హమాతు, సెపర్వయీము ఊళ్లనుండి జనులను తెచ్చి షోమ్రోనులో కాపురముంచిరి. బలిపీఠము యెదుట ఈ అధ్యాయము ఎన్నిసార్లు చదివితిమో లెక్కలేదు. ఆ పేరులు నోటికి కష్టమని వేగముగా చదివి దాటిపోవుచుంటిమి. వాటి వెనుక నడచిన కాళ్లను ఎన్నడును తలంచలేదు.

దండయాత్ర అనగానే కోట, కత్తి, కిరీటము మన కన్నులకు కనబడును. గెలిచిన రాజునకు అసలు పని కోట పడిన తరువాతనే మొదలగును. నారుమడిలో నారు పెరికి వేరొక పొలములో నాటినట్లు జనమును పెరికి వేరొకచోట నాటుట ఆ పని. దీనివలన రాజునకు మూడు లాభములు: తిరుగుబాటు చేయువాడు తన కొండకు దూరమగును, పాడుపడిన పొలమునకు కూలి దొరకును, వడ్రంగులు కమ్మరులు రాజధానికి చేరుదురు. నారు అయితే వారము దినములలో పచ్చబడును. మనుష్యుడు అట్లు కాడు.

అష్షూరువారు దుష్టులు, కొండవారు నీతిమంతులు అని మీరు తలంచుదురేమో. ఎరెవాన్ నగరపు అంచున ఒక మిట్టమీద 1950లో ఒక రాతి శాసనము దొరికెను. ఉరర్తు రాజైన అర్గిష్టి అక్కడ ఎరెబుని అను కోటను కట్టించినట్లు దానిమీద ఉన్నది. అది క్రీ.పూ. 782 నాటిది. ఆ కోటలో కాపురముంచుటకు తాను జయించిన హత్తి, త్సుపాని దేశములనుండి 6,600 మందిని తెచ్చినట్లు ఆ రాజు వృత్తాంతములలో చెక్కియున్నది. ఆర్మీనియా ముఖ్యపట్టణపు మొదటి కాపురస్థులు చెరపట్టబడినవారు! తరువాత క్రీ.పూ. మొదటి శతాబ్దములో ఆర్మీనియా రాజు టిగ్రానీసు తన పేరట కట్టిన పట్టణమును నింపుటకు కప్పదొకియనుండి మూడు లక్షల మందిని తోలుకొనివచ్చెనని పురాతన చరిత్రకారుడు అప్పియను వ్రాసెను. లెక్క ఎక్కువ చేసియుండవచ్చును, పని మాత్రము జరిగినదే. క్రీ.పూ. 69లో రోమా సేనాధిపతి లుకుల్లసు ఆ పట్టణమును పట్టుకొని, చెరలోనున్న వారిని వారి వారి ఊళ్లకు పంపివేసెను. శత్రువు వచ్చినందున ఇంటికి పోగలిగినవారు చరిత్రలో బహు కొద్దిమంది.

ఆర్మీనియా రాజు తిరిదాతు క్రైస్తవ విశ్వాసము నంగీకరించినది క్రీ.శ. 301లో అని వారి సంఘ సాంప్రదాయము. 387లో రోమీయులును పారసీకులును ఆ దేశమును రెండు ముక్కలు చేసి పంచుకొనిరి. ఒక వైపున గ్రీకు, మరియొక వైపున సురియాని. తమ భాషకు అక్షరములే లేవు. అప్పుడు మెస్రోప్ మష్టోత్సు అను సన్యాసి 405లో 36 అక్షరములు ఏర్పరచెను. వెంటనే పరిశుద్ధ గ్రంథమును తర్జుమా చేసిరి. దేశము పోవుచున్న కాలమున అక్షరము వచ్చినది. 451లో పారసీకుల మీద అవరైర్ మైదానములో వర్దన్ మామికొన్యన్ సేన యుద్ధము చేసి ఓడిపోయెను, వర్దన్ అక్కడనే పడిపోయెను. అయినను వారు కొండలలో ముప్పది మూడు సంవత్సరములు పోరాడి, 484లో తమ విశ్వాసమును నిలుపుకొను హక్కును ఒడంబడికగా పొందిరి. ఓడిన యుద్ధమును పండుగగా జరుపుకొను సంఘము వారిది.

తరువాతి కాలమును త్వరగా దాటుదుము. అరబ్బులు వచ్చిరి. 1064లో సెల్జూకు తురుష్కులు అని నగరమును పట్టుకొనిరి, 1071లో మంజికెర్తు యుద్ధములో గ్రీకు చక్రవర్తి సేన ఓడిపోయెను. అనేకులు కొండలు దిగి సముద్రతీరమున కిలికియకు పోయి అక్కడ ఒక రాజ్యము కట్టుకొనిరి. అదియు 1375లో కూలిపోయెను. మంగోలులు, తైమూరు గూడ ఆ దారినే వచ్చి పోయిరి.

ఇక షా అబ్బాసు దగ్గర కొంచెము ఆగవలెను. మన దేశమునకు ఆ కథతో సంబంధము కలదు. 1604లో పారసీక రాజు షా అబ్బాసు తురుష్కుల చేతిలోనుండి ఎరెవాన్‌ను పట్టుకొనెను. తురుష్కుల పెద్ద సేన తిరిగి వచ్చుచున్నదని విని, దానికి తిండిగింజ గాని నీడ గాని దొరకకూడదని ఊళ్లను తగులబెట్టించి, జనమంతటిని అరాక్సు నది దాటించి తన దేశమునకు తోలుకొనిపోయెను. నది దాటుచు అనేకులు కొట్టుకొనిపోయిరి. సంఖ్య మూడు లక్షల వరకు ఉండవచ్చునని కొందరు చరిత్రకారులందురు. తబ్రీజువాడైన అరాకెల్ అను గురువు ఆ శతాబ్దములోనే ఈ సంగతులను గ్రంథముగా వ్రాసెను. అది 1669లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయినది.

జుల్ఫా పట్టణపు వర్తకులు పట్టు వ్యాపారములో ఆరితేరినవారు. షా వారిని ఇస్ఫహాన్ ప్రక్కన నూతన జుల్ఫాలో గౌరవముగా నిలిపెను. అక్కడ వారు దేవాలయములు కట్టిరి, ముద్రణాలయము పెట్టి 1638లో కీర్తనల గ్రంథమును అచ్చువేసిరి. ఇరాను దేశములో అచ్చయిన మొదటి పుస్తకము అదియే. ఈ కథను చెప్పువారు ఇక్కడ చప్పట్లు కొట్టుదురు. పట్టు పండించుటకు కాస్పియన్ తీరపు చిత్తడి నేలలకు తోలబడిన రైతులలో అనేకులు మలేరియా జ్వరముతో చనిపోయిరి. కొండగాలికి అలవాటుపడినవారికి ఆ నేల పడలేదు. వారికి ముద్రణాలయము లేదు, కావున వారి పేరులును లేవు.

నూతన జుల్ఫా వర్తకులు మన తీరమునకును వచ్చిరి. మచిలీపట్నపు రేవులోను, గోలకొండ రాజ్యములోను వారు వ్యాపారము చేసిరి. హైదరాబాదు పాతబస్తీకి చేరువగా ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మీనియుల సమాధులు ఉన్నవి. చెన్నపట్నములో వారి పేరట ఒక వీధియు, 1772లో తిరిగి కట్టిన దేవాలయమును గలవు. అక్కడనే 1773 సంవత్సరము వేసియున్న ఒక పుస్తకమును షాహమీర్యన్ కుటుంబమువారు అచ్చువేసిరి. అందులో ఏమున్నదనుకొందురు? తమ స్వతంత్ర దేశము ఎప్పటికైనను ఏర్పడిన యెడల దానికి కావలసిన రాజ్యాంగము! దేశము లేదు, రాజు లేడు, కొండ వేలకొలది మైళ్ల దూరమున ఉన్నది. సముద్రపు ఒడ్డున కూర్చుండి రాజ్యాంగము వ్రాసిరి. 1794లో షీరాజునుండి వచ్చిన హరుత్యూన్ ష్మావోన్యన్ అను గురువు ఆ పట్నముననే "అజ్దరార్" అను పత్రికను వెలువరించెను. ఆర్మీనియను భాషలో లోకమంతటికి మొదటి పత్రిక అది.

మేము వేదాంత విద్యార్థులుగా ఉన్నప్పుడు నలుగురము కలసి ఆ దేవాలయమునకు పోతిమి. ఆవరణమంతయు సమాధిరాళ్లు పరచియుండెను. ఆ అక్షరములలో ఒక్కటియు మాకు తెలియలేదు. బయట ఎండ మండుచుండగా ఆ రాళ్లమీద చెప్పులు విడిచి నడచి, నీడ చల్లగా ఉన్నదని సంతోషించి వచ్చితిమి. ఎవరు, ఎక్కడినుండి, ఎందుకు అని అడుగుటకు ఆనాడు మాకు తోచలేదు.

1827లో రష్యా సేన ఎరెవాన్ కోటను పట్టుకొనెను. మరుసటి సంవత్సరపు సంధి ప్రకారము ఇరాను నుండి వేలకొలది ఆర్మీనియులు తిరిగి వచ్చిరి. అప్పటికి ఆ సీమలో వారు అల్పసంఖ్యాకులు. మహమ్మదీయ కుటుంబములు అనేకము లేచి ఇరానుకు, తురుష్క దేశమునకు పోయెను. ఒకరి తిరిగిరాక మరియొకరి ప్రయాణమైనది.

1915ను గూర్చి చెప్పుటకు మాకు నోరు రాదు, చెప్పక మానుటకును వీలులేదు. ఆ యేడు ఏప్రిల్ 24న ఇస్తాంబుల్‌లో ఆర్మీనియను పెద్దలను పట్టుకొనుటతో మొదలుపెట్టి, తురుష్క ప్రభుత్వము ఆ కొండలనుండి జనమును సిరియా ఎడారివైపు తోలెను. దారిలోను ఎడారిలోను చనిపోయినవారు పది లక్షలకు పైబడుదురని అనేక చరిత్రకారుల లెక్క. మిగిలినవారిని చేర్చిన స్థలములలో ఒకటి ఖాబూర్ నది తీరము. 1916లో అక్కడ వేలకొలది మందిని చంపిరి. పటము మీద ఆ నదిని వెదకునప్పుడు మా వ్రేలు ఆగిపోయెను. అది హాబోరు. షోమ్రోను చెరవారిని ఉంచిన నది అదే. రెండువేల ఆరువందల సంవత్సరముల తరువాత మరియొక ప్రభుత్వము, మరియొక జనము, అదే నది.

ఆ దినములలో మూష్ సీమలో పాడుపడిన మఠములో ఇద్దరు స్త్రీలు ఒక పెద్ద వ్రాతప్రతిని కనుగొనిరట. సుమారు 28 కిలోల బరువు, 1200 ప్రాంతపు ప్రసంగముల సంపుటి. ఒక్కరు మోయలేక రెండు భాగములు చేసికొనిరి. ఒక భాగము ఎచ్మియాద్జిన్ చేరెను. రెండవది ఎర్జురూమ్‌లో పాతిపెట్టబడి తరువాత దొరికెను. నేడు ఆ రెండును ఎరెవాన్ గ్రంథాలయములో ఒకచోట ఉన్నవి.

మన కాలమునకు వచ్చెదము. కరబాఖ్ కొండల కొరకు 1988 నుండి 1994 వరకు జరిగిన పోరులో ఆర్మీనియులు గెలిచిరి. ఐదు లక్షలకు పైబడిన అజర్‌బైజాన్ ప్రజలు ఇండ్లు విడిచిపోయిరి. అజర్‌బైజాన్ పట్టణములనుండి ఆర్మీనియులును అట్లే పారిపోయి వచ్చిరి. 2020లో అజర్‌బైజాన్ గెలిచెను. 2023 సెప్టెంబరులో కొద్ది దినములలోనే లక్షకు పైబడిన ఆర్మీనియులు ఒకే కొండదారిన, కార్లలోను ట్రాక్టర్ల మీదను బయటికి వచ్చిరి. ఈ రెండు సంగతులను కలిపి చదువని యెడల మనము చరిత్ర చదువుట లేదు, ఒక పక్షమున చేరుచున్నాము. క్రైస్తవులు గనుక ఆర్మీనియుల కన్నీరు మాత్రమే చూతుమని అనుకొన్న యెడల, ఇండ్లు విడిచి ఇరువదియేండ్లకు పైగా కాచుకొనియున్న అవతలి తల్లులకు మనము ఏమి జవాబు చెప్పుదుము?

భూగోళపు అయ్యవారు ముందు వరుసలోనే కూర్చున్నారు. అయ్యవారూ, మీ మాటయే నిజము. అరారాతు ఎత్తు 5,137 మీటర్లు. 1921 నాటి ఒడంబడికల ప్రకారము అది టర్కీలో ఉన్నది. కొండ కదలలేదు. ఎరెవాన్ నగరములో తెల్లవారి మబ్బులేని దినమున కిటికీ తెరచిన వారికి మంచుతో కప్పబడి ఎదురుగా కనబడును, నడుమ సరిహద్దు కంచె ఉండును. వచ్చే గురువారము బైబిలు తరగతిలో రెండవ రాజులు పదునేడవ అధ్యాయము పెట్టుకొన్నాము. మీ అట్లాసు దయచేసి తీసికొనిరండి. ఆ ఊరి పేరుల దగ్గర ఈసారి మెల్లగా చదువుదుము.