గొంతులో అడ్డం పడ్డ చక్కెర

 

ముందుగా ఒక మాట వెనక్కి తీసుకోవాలి. రుబిస్కో పాఠం వచ్చినప్పుడల్లా నా విద్యార్థులకు దాన్ని ‘మందకొడి ఎంజైమ్’ అని చెప్పేవాణ్ణి. కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మలిచే దారిలో మొదటి అడుగు దానిదే. అయినా చాలా జీవుల్లో అది సెకనుకు 10 అణువులైనా పట్టదు, ఒక్కోసారి పొరబడి ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఇదంతా నిజమే. కానీ అది పని మధ్యలో బిగుసుకుపోతుందనీ, విడిపించేవాళ్లు దాని పక్కనే ఉంటారనీ చెప్పకుండా వదిలేశాను.

రోడోబాక్టర్ స్ఫీరాయిడిస్ అనే బ్యాక్టీరియా ఉంది. దాని రుబిస్కో పనిలోకి దిగాలంటే లోపలున్న లైసిన్ అనే ఒక అమైనో ఆమ్లం మీద ముందు కార్బన్ డయాక్సైడ్, ఆపైన మెగ్నీషియం వచ్చి కూర్చోవాలి. అవి రాకముందే రైబ్యులోజ్ బిస్‌ఫాస్ఫేట్ అనే చక్కెర దూరిందంటే గొంతులో ముద్ద అడ్డం పడ్డట్టే. తను తినాల్సిన తిండే తనకు ఉరి! అప్పుడు సీబీబీఎక్స్ అనే ప్రోటీన్ వస్తుంది. ఆరు ముక్కలు కలిసిన ఉంగరం అది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుపెట్టి, రుబిస్కో తోకను తన నడిమి రంధ్రంలోకి ఒక్కసారి గుంజి వదిలేస్తుంది. పట్టు సడలి చక్కెర బయటపడుతుంది.

2011లో జర్మనీలోని మాక్స్ ప్లాంక్ జీవరసాయన సంస్థలో మనజిత్ హేయర్-హార్టల్ బృందం ఇది చూపించింది. అందులో నన్ను నిద్రపోనివ్వని సంగతి మరొకటి ఉంది. ఆ ఉంగరం సరిగా అమరాలంటే అదే చక్కెర కావాలి. లేకపోతే సీబీబీఎక్స్ పనికిరాని పోగులుగా పేరుకుపోతుంది. అంటే, గొంతుకు అడ్డం పడిందే వెళ్లి వైద్యుణ్ణి పిలుచుకొస్తోంది!

ఇనుము, గంధకం మీద బతికే ఆసిడిథియోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్ అనే బ్యాక్టీరియాలో ఇదే పనికి సీబీబీక్యూ, సీబీబీఓ అనే వేరే జోడీ ఉంది. మొక్కల్లో అదే పనికి రుబిస్కో యాక్టివేజ్ ఉంది. దీని బాధ వేరు. ఆకు బాగా వేడెక్కితే రుబిస్కో తట్టుకుని నిలుస్తుంది, యాక్టివేజ్ ముందే చతికిలబడుతుంది. ఎండ ముదిరాక దాళ్వా చేల గట్టు మీద నిలబడ్డప్పుడల్లా నాకిదే తలపుకొస్తుంది.

వేడికి ఓర్చే యాక్టివేజ్ కోసం ప్రయోగాలు జరుగుతున్నాయి, చేయాల్సింది ఇంకా చాలా ఉంది. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో ఎవరు ఆ పని ఎత్తుకున్నా నాకో ఉత్తరం రాయండి. మొదటి ప్రయోగం చెడిపోయినా సరే, రాయండి.