అరకు దారిలో నాలుగు గంటలు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



చదువు గొప్పతనం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. ఆ మాటలు మీరు ఏటా ఇక్కడ వింటూనే ఉన్నారు. అందుకని నేను ఒక రైలు ప్రయాణం గురించి చెబుతాను. మధ్యలో కొంచెం లెక్క వస్తుంది. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన నోరు, ఊరుకోదు. ఓపిక పట్టండి.

మా మేనకోడలికి 2022లో విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ జియాలజీ సీటు వచ్చింది. భూగర్భ శాస్త్రం అన్నమాట. ఇంట్లో ఎవరికీ సంతోషం లేదు. "ఆడపిల్లను ఒక రాత్రి, ఒక పగలు రైల్లో పోయేంత దూరం ఎట్లా పంపేది? దగ్గర్లో ఏదో ఒకటి చదవకూడదా?" అన్నాడు వాళ్ల నాన్న. రాళ్ల చదువుకు పెళ్లి సంబంధాలు వస్తాయా అని మా చెల్లెలి బెంగ. ఆ పిల్ల మాత్రం ఒకటే చెప్పింది. "మామా, మన ఊరి బోరు నీళ్లు తాగి పిల్లల పళ్లు పచ్చబడుతున్నాయి, ముసలివాళ్ల మోకాళ్లు వంగడంలేదు. ఫ్లోరైడ్ అంటారు. అది నీళ్లలోకి ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలియాలి." ఆ మాటకు నా దగ్గర ఎదురు మాట లేకపోయింది. చేర్పించి వచ్చే పని నేనే నెత్తిన వేసుకున్నాను.

మన పావగడ పిల్లలకు దూరపు రైలంటే ముందు హిందూపురం బస్సెక్కడమే. అక్కడ ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పట్టుకుని విశాఖ చేరాం. కాలేజీలో ఫీజు కట్టి, హాస్టల్లో గది చూసుకున్నాక మధ్యలో ఒక రోజు మిగిలింది. "కొండ రైలు చూద్దాం పద" అన్నాను. పొద్దున ఏడు గంటల ప్రాంతంలో కిరండూల్ వెళ్లే బండి ఎక్కాం. ఆ బండికి 2017 నుంచి పర్యాటకుల కోసం అద్దాల బోగీ కూడా తగిలిస్తున్నారు. మేము దాని జోలికి పోలేదు. మామూలు బోగీలో కిటికీలు తెరుచుకుంటాయి, పక్కన మాట్లాడే మనుషులుంటారు.

కొత్తవలస దాటాక శృంగవరపుకోట దాకా చదునైన నేల. వరి మళ్లు, తాటి చెట్లు, చెరువులు. మన కళ్లకు ఆ పచ్చదనమే వింత. బొడ్డవర, శివలింగపురం వచ్చేసరికి ఎదురుగా కొండలు గోడ కట్టినట్టు నిలబడతాయి. రైలు ఇక్కణ్ణుంచి ఎటు పోతుందో చూసేవాళ్లకు అంతుబట్టదు.

ఇక్కడ లెక్క మొదలవుతుంది. శృంగవరపుకోట సముద్ర మట్టానికి నూరు మీటర్ల ఎత్తు కూడా ఉండదు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచేదాకా దేశంలో పెద్ద పట్టాల మీద ఇంతకన్నా ఎత్తయిన స్టేషను లేదు. అంటే యాభై, అరవై కిలోమీటర్ల దారిలో దాదాపు 900 మీటర్లు ఎక్కాలి. అరవై మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. ఇంతేనా అనిపిస్తుంది మీకు. మన పావగడ కొండ మీది కోటకు మెట్ల మీద నిటారుగా ఎక్కిపోతాం కదా. కానీ అదే కొండకు నిండు శెనక్కాయల బండి తోలమంటే ఎద్దులు ఏమంటాయి? చుట్టూ తిప్పి తిప్పి తోలాలి. రైలుకు ఇంకా కష్టం. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం కాబట్టి ఒరిపిడి తక్కువ. అందువల్లే ఇంజన్లు వేల టన్నులు లాగగలుగుతున్నాయి. అదే గుణం కొండ దగ్గర దోషమవుతుంది. వాలు కాస్త ఎక్కువైతే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది, దిగేటప్పుడు బ్రేకు పట్టదు.

దీనికి రెండు ఉపాయాలు. ఒకటి నీలగిరిలో చేశారు. మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో మొదలైన ఆ చిన్న రైలు, పట్టాల మధ్య పళ్ల కడ్డీ వేసి, ఇంజను పళ్ల చక్రంతో దాన్ని పట్టుకుని ఎక్కుతుంది. పన్నెండు మీటర్లకు ఒక మీటరు చొప్పున ఎక్కగలదు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చూడముచ్చటైన బండే, కానీ దాని మీద ఖనిజం మోయలేరు. అరకు దారిలో రెండో ఉపాయం చేశారు. వాలు పెంచకుండా దారిని పెంచారు. కొండ ఒంటిని పట్టుకుని వంపులు తిరిగి, వాగు అడ్డొస్తే వంతెన కట్టి, కొండ అడ్డొస్తే తొలిచి పోయారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల దారిలో 58 సొరంగాలున్నాయి. మా బోగీలో చిన్నపిల్లలు ఒక్కో సొరంగం రాగానే కేకలు పెట్టి లెక్కపెట్టుకున్నారు. నేనూ లెక్కపెట్టాను, కేకలు మాత్రం పెట్టలేదు. వంపుల్లో మన బండి ఇంజనే మన కిటికీలోంచి కనిపిస్తుంది.

త్యాడ దాటాక మా మేనకోడలు బయటికి చూస్తూ, "మామా, ఇది మన రాయి కాదు" అంది. రైలు కోసం కోసిన గట్టు ఎర్రగా, పొరలు పొరలుగా ఉంది. దాన్ని ఖోండలైట్ అంటారట. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరు మీదే ఆ పేరు పెట్టారు. కోణార్క దేవాలయం కట్టింది ఈ రాతితోనే. గాలికి, వానకు త్వరగా మెత్తబడుతుంది. అందుకే వానాకాలంలో ఈ దారిలో గట్లు విరిగి పట్టాల మీద పడుతుంటాయి, గ్యాంగ్‌మెన్ తిరిగి చూస్తూ ఉండాలి. ఇంక మన రాయంటారా, రామనగరం నుంచి మధుగిరి, పావగడ మీదుగా కల్యాణదుర్గం వైపు సాగే గ్రానైటు పట్టీ అది. వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. గట్టి రాయి, అంత తొందరగా అరగదు. కానీ అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. బోరు లోతుకు పోయినకొద్దీ నీళ్లు ఆ రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవుండి దాన్ని కరిగించుకుంటాయి. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరావని ప్రమాణం. ఇదంతా ఆ పిల్ల కాలేజీలో చేరిన వారానికే నాకు చెప్పింది. వాళ్ల నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు నాకు రైల్లో దొరికింది.

చిమిడిపల్లి దగ్గర బండి చాలాసేపు ఆగిపోయింది. ఎదురుగా గూడ్సు వస్తోందన్నారు. కాసేపటికి వచ్చింది. ముందు ఇంజన్లు, వెనక ఎర్రటి దుమ్ము పట్టిన పెట్టెలు, ఎంతకీ తెగని వరస. మనుషుల బండి పక్కకు తప్పుకుని ఖనిజం బండికి దారి ఇచ్చింది. నాకు మొదట చిరాకు వేసింది. తర్వాత ఆ దారి కథ గుర్తుకొచ్చి, న్యాయమేలే అనుకున్నాను. ఈ దారి వేసింది మన కోసం కాదు. ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉంది. జపాన్ ఉక్కు కర్మాగారాలకు అది కావలసి వచ్చింది. 1960లో ఒప్పందం జరిగింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి తూర్పు కనుమలను తొలిచి ఈ దారి వేశారు. 1968లో బైలదిల్లా గని పని మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లు! అడవి, మలేరియా, జారే రాయి, 58 సొరంగాలు ఉండగా ఎనిమిదేళ్లు.

ఇప్పుడు మన సంగతి చూడండి. తుమకూరు నుంచి కొరటగెరె, మధుగిరి, పావగడ, కల్యాణదుర్గం మీదుగా రాయదుర్గానికి రైలు మార్గం 2007-08లో మంజూరైంది. 207 కిలోమీటర్లు. అరకు దారితో పోలిస్తే ఇది చదును నేలే. రాయదుర్గం వైపునుంచి కదిరిదేవరపల్లి దాకా 63 కిలోమీటర్లు ముక్కలు ముక్కలుగా పూర్తయి బండి నడిచింది. మిగతా దారికి భూసేకరణ, రెండు రాష్ట్రాల వాటా డబ్బులు, కోర్టు కాగితాలు అంటూ ఏళ్లు గడిచాయి. మంజూరైన ఏడు పుట్టిన పిల్లలు పదో తరగతి దాటి కాలేజీలకు పోయారు. అదే మన తాలూకాలో తిరుమణి దగ్గర సోలార్ పార్కు చూడండి. సుమారు 13,000 ఎకరాలు, 2,050 మెగావాట్లు. 2019 డిసెంబరుకల్లా పూర్తయింది. మన ఎండ బయటివాళ్లకు కావాలి కాబట్టి అది త్వరగా వచ్చింది. మన ప్రయాణం మనకు మాత్రమే కావాలి. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, రైలు దారులు ఎట్లా పడతాయో చెబుతున్నానంతే. పిల్లలు ఈ లెక్క తెలుసుకోవాలి. రేపు మీలో ఎవరో ఒకరు ఆ ఫైలు పెట్టే కుర్చీలో కూర్చోవచ్చు.

అయితే ఖనిజం కోసం వేసిన దారిని మనుషులు ఎట్లా తమది చేసుకున్నారో కూడా చూశాను. బొర్రా గుహల దగ్గర యాత్రికులు దిగిపోయారు. చిన్న స్టేషన్లలో గిరిజన స్త్రీలు అల్లం, చింతపండు మూటలతో ఎక్కారు. యూనిఫాంలో ఇద్దరు ఆడపిల్లలు తలుపు దగ్గర నిలబడి రికార్డు పుస్తకంలో బొమ్మ దిద్దుకుంటున్నారు. వాళ్ల ఊరికి రోడ్డు సరిగా లేదట, అరకులో చదువుకోవడానికి ఈ బండే ఆధారమట. మా మేనకోడలు వాళ్లతో అరగంట మాట్లాడింది. హాస్టల్‌కు తిరిగొచ్చాక ఇంటికి ఫోను చేసి వాళ్లమ్మతో ముందు చెప్పింది ఆ పిల్లల సంగతే. సొరంగాల మాట తర్వాతే వచ్చింది.

ఆమె చదువు 2024లో పూర్తయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా సీసాల్లో బోరు నీళ్లు నింపుకుని, మూత మీద ఊరి పేరు, బోరు లోతు రాసుకుని తీసుకెళ్లేది. వాళ్ల నాన్నే ఆ సీసాల పెట్టె మోసుకుని హిందూపురం స్టేషను దాకా వచ్చేవాడు.

తల్లిదండ్రులకు పనికొచ్చే మాట ఒకటుంది. దూరం చదివే పిల్లలు సెలవులకు సొంత ఊరికి వచ్చిపోవడానికి రైల్వే రెండో తరగతి, స్లీపరు ఛార్జీలో సగం రాయితీ ఇస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. ఇంటర్నెట్‌లో తీసుకునే టికెట్‌కు ఇది రాదు. కాలేజీ ప్రిన్సిపాలు సంతకం, ముద్ర వేసిన ఫారం స్టేషను కౌంటరులో ఇవ్వాలి. వయసు పరిమితి కూడా ఉంది, కౌంటరులో అడిగి తెలుసుకోండి. చాలామంది పిల్లలకు ఈ సంగతే తెలియదు, తెలిసినవాళ్లు సెలవులకు ముందురోజు ఆఫీసుకు పరిగెత్తుతారు, అప్పటికి గుమాస్తా సెలవులో ఉంటాడు. నెల రోజుల ముందే ఫారం తీసుకుని పెట్టుకోండి. ఏమైనా సందేహాలుంటే సభ అయ్యాక నేను భోజనాల దగ్గరే ఉంటాను, వచ్చి అడగండి.