రేపటి సైకిలుకు ఈ రాత్రే

ఆఫీసుకు సైకిలు మీద వెళ్లాలనుకునేవాళ్లు చాలామంది పొద్దున్నే హడావిడి పడి బండి తాళాలు అందుకుంటారు. అందుకే పని రాత్రే మొదలుపెట్టాలి.

ముందు టైర్లు చూడండి. ఎంత గాలి పట్టాలో టైరు పక్కభాగం మీదే అచ్చువేసి ఉంటుంది. రాత్రే గాలి కొట్టి ఉంచితే ఇంకో లాభం. ట్యూబుకు సన్నని చిల్లుంటే తెల్లారేసరికి టైరు మెత్తబడి ఆ సంగతి ఇంట్లోనే బయటపడుతుంది, దారి మధ్యలో పంక్చరు షాపు వెతుక్కోనక్కర్లేదు. చైనుకు నూనె వేయడానికీ ఇదే మంచి సమయం, లింకుల్లోకి ఇంకడానికి వ్యవధి దొరుకుతుంది. పొద్దున పైన మిగిలిన జిడ్డును గుడ్డతో తుడిచేయండి. లేకపోతే దుమ్ము పడుతుంది, ప్యాంటుకు మరకలవుతాయి.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం వెనక ఎర్ర లైటు. మర్చిపోకుండా ఛార్జింగులో పెట్టండి. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ లాంటివి మనకు అరుదు. ఎక్కువమందిమి బస్సులు, లారీల మధ్యే తొక్కాలి. వెనక వచ్చే డ్రైవరుకు మీరు దూరం నుంచే కనబడాలి.

ఆఫీసు చొక్కాను మడతపెట్టే బదులు చుట్టి సంచిలో పెడితే ముడతలు తక్కువ. వానాకాలమైతే దానికి పాలిథీన్ కవరు తప్పనిసరి. తువ్వాలు, సైకిలు తాళం కూడా సంచిలోనే వేసి, హెల్మెట్ పక్కన పెట్టుకుని పడుకోండి.