మాట – మోత
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నాట్యం, కోలాటం, పద్యపఠనం జరిగే ఈ ఉత్సవంలో స్పీకర్ల గురించి ప్రసంగమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నిర్వాహకులు నన్ను మాట్లాడమని కోరినప్పుడు ఈ విషయాన్ని నేనే ఎంచుకున్నాను. ఎలక్ట్రానిక్ సామాన్లు బాగుచేయటం, ఇళ్లలో అమర్చటం నా వృత్తి. ఆ పని మీద మన తెలుగువారి ఇళ్లకు వెళ్లినప్పుడు గమనించిన సంగతి ఒకటి మీ ముందు ఉంచుతాను.

మన ముత్తాతల్లో చాలామంది విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల నుంచి ఓడలెక్కి మలయా తోటలకు వచ్చినవారు. తోటలో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉండేవి. వాకిట్లో కూర్చుంటే నాలుగు వైపుల నుంచీ తెలుగు వినబడేది. ఇప్పుడు మనం పట్టణాల్లో వరుస ఇళ్లలో విడివిడిగా ఉంటున్నాం. పిల్లలకు బడిలో మలాయి, ఇంగ్లీషు. ఇంట్లో పెద్దవాళ్ల మాట తరవాత వాళ్ల చెవిన పడే తెలుగు చాలా ఇళ్లలో సినిమాదే, పాటదే. అంటే, హాల్లో పెట్టుకున్న స్పీకరు ఇవాళ మన ఇంటి తెలుగు పంతుళ్లలో ఒకటి. ఆ పంతులు నోట్లో మాట నలిగిపోతే పిల్లలు ఏం నేర్చుకుంటారు?

ఒక ఇంట్లో కొత్తగా హోం థియేటరు కొన్నారు. సినిమాలో కారు పేలితే కిటికీ అద్దాలు అదురుతున్నాయి. మాటలు మాత్రం దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టున్నాయి. ఆ ఇంటి పెద్దావిడ నాతో, "మోత వినబడుతోంది గాని మాట వినబడటం లేదు బాబూ" అన్నారు. పిల్లలేమో తెర అడుగున వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుతున్నారు. చూస్తున్నది తెలుగు సినిమాయే. చెవికి అందుతున్న తెలుగు మటుకు అంతంత మాత్రం. సామాను ఖరీదైనదే. లోపమల్లా అమరికలో ఉంది. గంటలోపే దాన్ని సరిచేశాం, పైసా ఖర్చు లేకుండా. అది ఎలాగో చెబుతాను.

ముందు ధ్వని గురించి రెండు మాటలు. సెకనుకు ఎన్నిసార్లు గాలి కంపిస్తుందో ఆ లెక్కను హెర్ట్జ్‌లలో చెబుతారు. మన చెవికి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వినబడుతుంది. మగవారి మాటలోని మూలస్వరం సాధారణంగా 85 నుంచి 180 మధ్య, ఆడవారిది 165 నుంచి 255 మధ్య ఉంటుంది. కాని మాటను అర్థం చేయించే హల్లుల స్పష్టత చాలావరకు ఇంకా పైన, 2,000 చుట్టుపక్కలా, ఆపైనా ఉంటుంది. స, శ, ష తేడా తెలియాలంటే ఆ పై ధ్వనులు శుభ్రంగా రావాలి.

మన భాషలో ఇంకొక విశేషం ఉంది. హ్రస్వానికీ దీర్ఘానికీ, ఒత్తు ఉన్నదానికీ లేనిదానికీ తేడా ముఖ్యంగా కాలంలోనే ఉంది. 'పలు' వేరు, 'పాలు' వేరు. 'కల' వేరు, 'కల్ల' వేరు. 'గడి' వేరు, 'గడ్డి' వేరు. 'గడ్డి' అన్నప్పుడు డకారం దగ్గర క్షణంలో కొద్ది భాగం ఎక్కువసేపు నాలుక ఆగుతుంది. గదిలో బుయ్యిమనే మోత నిండి ఉంటే ఆ చిన్న నిశ్శబ్దం పూడిపోతుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుగు విన్న పెద్దవాళ్లు ఊహించి సరిపెట్టుకుంటారు. ఇప్పుడిప్పుడే వింటున్న పిల్లలకు ఆ సౌకర్యం లేదు.

ఇక సామాను సంగతి. 5.1 అని పెట్టె మీద రాసి ఉంటుంది. ముందు ఎడమ, ముందు కుడి, మధ్య, వెనక రెండు, ఇవి అయిదు. చివరి .1 అనేది పేలుళ్లు, ఉరుములు వంటి లోతైన శబ్దాల కోసం విడిగా ఉంచిన దారి. అందులో 120 హెర్ట్జ్ లోపు ధ్వనులే ఉంటాయి. దాన్ని పలికించేది సబ్ వూఫరు. సినిమాల్లో సంభాషణ ఎక్కువగా మధ్య స్పీకరు నుంచే వస్తుంది. కాబట్టి మన తెలుగు మాటకు ఇల్లు ఆ మధ్య స్పీకరే. దాన్ని అలమారు లోపల, ఫొటోల వెనక దాచకండి. టీవీకి దగ్గరగా, అరుగు అంచుకు జరిపి, ముఖం మన చెవుల వైపు తిప్పి పెట్టండి.

క్రాసోవరు అంటే పని పంపకం. మృదంగానికి రెండు మూతులున్నాయి. ఎడమవైపు తొప్పి లోతుగా పలుకుతుంది, కుడివైపు స్పష్టంగా పలుకుతుంది. ఏ వైపు పని ఆ వైపుది. అలాగే ఒక గీత గీసి, దాని కింది ధ్వనులు సబ్ వూఫరుకు, పైవి మామూలు స్పీకర్లకు పంపుతుంది రిసీవరు. ఈ గీత గోడలా నిటారుగా ఉండదు, వాలుగా ఉంటుంది. 80 దగ్గర గీత గీసినా 100 దగ్గరి ధ్వని కొంత సబ్ వూఫరులోనూ పలుకుతుంది.

ఆ గీత ఎక్కడ గీయాలి? 1983లో లుకాస్ ఫిల్మ్ సంస్థలో, టామ్లిన్సన్ హాల్మన్ అనే ఇంజనీరు కృషితో టి.హెచ్.ఎక్స్. అనే ప్రమాణం సినిమా హాళ్ల కోసం మొదలయింది. తరవాత అది ఇళ్ల సామానుకూ వచ్చింది. ఇళ్లకు వాళ్లు చెప్పిన అంకె 80 హెర్ట్జ్. దానికి కారణముంది. అంతకన్నా తక్కువ ధ్వని గదిలో ఏ దిక్కు నుంచి వస్తోందో మన చెవి సరిగా పోల్చుకోలేదు. గీత పైకి జరిగినకొద్దీ సబ్ వూఫరు తన చోటు బయటపెట్టుకుంటుంది.

సంగీతంతో చెబితే ఇంకా తేలికగా బోధపడుతుంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్, మంద్ర పంచమం సుమారు 98. గీత 80 దగ్గర ఉంటే ఆయన గొంతు దాదాపు అంతా ముందు స్పీకర్లలోనే నిలుస్తుంది. గీత 200 దగ్గర ఉంటే అదే గొంతు రెండుగా చీలి, కింది సగం మూలనున్న పెట్టెలోంచి వస్తుంది. నేను చెప్పిన ఆ ఇంట్లో జరిగిందిదే. గీత 200 మీద ఉంది, సబ్ వూఫరు సోఫా వెనక మూలలో ఉంది, దాని మట్టం మూడొంతులు పైకి తిప్పి ఉంది. నాయకుడు తెర మీద మాట్లాడుతుంటే గొంతులోని బరువు వెనక నుంచి వస్తోంది.

అయితే అందరూ కళ్లు మూసుకుని 80 పెట్టవచ్చునా అంటే, మీ స్పీకరు అంత లోతుకు దిగగలదా అన్నది చూసుకోవాలి. దాని కాగితంలో 60 హెర్ట్జ్ నుంచి పలుకుతుందని ఉంటే 80 చక్కగా సరిపోతుంది. అరచేతిలో పట్టే చిన్న స్పీకర్లయితే 120 కిందికి దిగలేకపోవచ్చు. వాటికి 80 పెడితే 80కీ 120కీ మధ్య ధ్వనిని ఎవరూ పలకరు. తొప్పి దెబ్బ అక్కడే మాయమవుతుంది. అలాంటివాటికి 120, అవసరమైతే 150 పెట్టండి. పెట్టి, సబ్ వూఫరును తప్పకుండా ముందు వైపు, టీవీకి దగ్గరగా ఉంచండి.

ఇప్పుడు వరసగా చేయవలసిన పనులు మనవి చేస్తాను. తీగెలు ముట్టుకునే ముందు కరెంటు తీసేయటం మరవకండి.

మొదటిది తీగెలు. ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. ఒక్క స్పీకరు తలకిందులైనా లోతు ధ్వని పల్చబడుతుంది.

రెండవది స్పీకరు రకం. రిసీవరులో లార్జ్, స్మాల్ అని అడుగుతుంది. స్మాల్ అంటే అవమానమేమీ లేదు. లోతు ధ్వనిని సబ్ వూఫరుకు అప్పగించమని అర్థం. సబ్ వూఫరు ఉన్న ఇంట్లో చాలా స్పీకర్లకు స్మాల్ సరైనది. కొన్ని రిసీవర్లు మైకుతో తామే కొలుచుకుని ముందు స్పీకర్లకు లార్జ్ అని పెట్టేస్తాయి. దాన్ని స్మాల్ చేసి 80 పెట్టవచ్చు. మైకు చెప్పిన అంకె 100 అయితే మాత్రం దాన్ని కిందికి దించకండి. కొలిచేటప్పుడు మైకు మనం కూర్చునే చోట, చెవి ఎత్తులో ఉండాలి. ఫ్యాను ఆపాలి, పిల్లల్ని కాసేపు బయట ఆడుకోనివ్వాలి.

మూడవది సబ్ వూఫరు వెనక ఉండే క్రాసోవరు మీట. రిసీవరు ఒకసారి గీత గీసింది కదా, ఇక్కడ రెండోసారి గీయకూడదు. దాన్ని చివరిదాకా పైకి తిప్పండి, లేదా ఎల్.ఎఫ్.ఇ. అన్నచోట తీగె పెట్టండి. రిసీవరులో 80 ఉండి ఇక్కడ 60 ఉంటే మధ్యలో గొయ్యి పడుతుంది. ఎల్.ఎఫ్.ఇ. దారికి విడిగా హద్దు అడిగితే 120 ఉంచండి.

నాలుగవది ఫేజు. 80 హెర్ట్జ్ ధ్వని ఒకటి పెట్టి, ఒకరు సోఫాలో కూర్చుని వినండి, ఇంకొకరు మీటను 0కీ 180కీ మార్చండి. ఎక్కడ నిండుగా వినబడితే అదే సరైనది.

అయిదవది మట్టం. పరీక్ష ధ్వని పెట్టి అన్ని స్పీకర్లూ కూర్చునేచోట ఒకే మట్టంలో, సాధారణంగా 75 డెసిబెల్‌లు వచ్చేలా చేయాలి. ఫోనుతో కొలిస్తే లోతు ధ్వని లెక్క అంత నమ్మదగింది కాదు. చివరి తీర్పు చెవిదే. సబ్ వూఫరు ఉన్నట్టు తెలియకూడదు, ఆపితే మాత్రం ఏదో లోటు తెలియాలి. అతి సర్వత్ర వర్జయేత్ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక గది. మన వరుస ఇళ్లలో హాలు పొడుగ్గా ఉంటుంది, కింద టైల్సు, ముందు పెద్ద అద్దాల తలుపు. గట్టి నేల మీద మాట తిరిగి తిరిగి మోగుతుంది. సోఫాకూ టీవీకీ మధ్య మందపాటి తివాచీ, అద్దానికి బరువైన తెర వేస్తే పదాలు విడివిడిగా వినబడతాయి. 6 మీటర్ల పొడవు గదిలో సుమారు 29 హెర్ట్జ్ దగ్గర, 4 మీటర్ల వెడల్పుకు సుమారు 43 దగ్గర గది తానే మోగుతుంది. ఆ మోత గోడల దగ్గర ఎక్కువ. అందుచేత సోఫాను వెనక గోడకు ఆనించకుండా కొంచెం ముందుకు జరపండి. సబ్ వూఫరుకు చోటు వెతకటానికి ఒక చిట్కా ఉంది. దాన్నే సోఫాలో మనం కూర్చునే చోట పెట్టి పాట వేయండి. మీరు గదిలో నేల మీద పాకుతూ వినండి. ఎక్కడ సమంగా వినబడితే అక్కడే దాన్ని పెట్టండి. పిల్లలకు ఈ పని మహా సరదా.

పక్కింటివారి గోడా మన గోడా ఒకటే. లోతు ధ్వని ఆ గోడను సులువుగా దాటుతుంది. పెట్టెను ఆ గోడకు దూరంగా ఉంచినా పూర్తిగా ఆగదు. రాత్రివేళ మట్టం తగ్గించి, రిసీవరులో నైట్ మోడ్ పెట్టుకోండి. దానివల్ల మోత అణిగి మాట నిలుస్తుంది. సౌండ్ బారు ఉన్నవారికి క్రాసోవరు లోపలే అమర్చి ఉంటుంది. మట్టం, చోటు మాత్రం వాళ్ల చేతిలో ఉన్నాయి.

పాత సినిమాల మాట కూడా చెప్పాలి. 1957 నాటి మాయాబజార్ ఒకే దారి ధ్వనితో వచ్చింది. 2010లో రంగులు వేసినప్పుడు ధ్వనిని 5.1కు మార్చారు. పాత ప్రతి చూసేటప్పుడు హాలు, స్టేడియం వంటి పేర్లున్న మీటలు నొక్కకండి. అవి లేని ప్రతిధ్వనిని చేరుస్తాయి. ప్రో లాజిక్ వంటిది పెడితే మాట మధ్య స్పీకరులోకి వస్తుంది. ఎస్.వి. రంగారావుగారి ఘటోత్కచుడి గొంతు నిండుగా ఉండాలి, ప్రతి అక్షరమూ తెలియాలి. మీ అమరికకు అంతకన్నా మంచి పరీక్ష నాకు తెలియదు.

చివరగా ఒక విన్నపం. అమరిక అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి, తెర అడుగున వచ్చే అక్షరాలు ఆపి, ఒక సన్నివేశం వినిపించండి. విన్న తెలుగు మాటలు పది చెప్పమనండి. తెలియని మాట వస్తే పక్కనున్న అమ్మమ్మనో తాతగారినో అడగమనండి. పది మాటలు చెప్పగలిగితే మీ స్పీకర్లు బాగున్నట్టే. ఆ పదిలో రెండు వాళ్లకు కొత్తవైతే మీ ఇంట్లో తెలుగు ఆ పూటకు రెండు మాటలు పెరిగినట్టే.